ఎలుకకి పుట్టిల్లు

మా ఇంట్లో ఎలుకలు ఉన్నాయని చెబితే జనం ముందు జాలిపడతారు. తర్వాత ఏ మందు పెట్టాలో చెబుతారు. మేమే పెంచుతున్నామండీ అంటే మాత్రం ఒక అడుగు వెనక్కి వేస్తారు. హూడిలో మా అపార్ట్‌మెంటు లిఫ్టులో ఈ మూడూ నాలుగో అంతస్తు వచ్చేలోపే జరిగిపోతాయి. మర్నాటినుంచి వాళ్ళు మెట్లు వాడతారు.

ఎలుకల గురించి నాకు బాగా తెలుసునని ఇది రాయడం లేదు. ఆడవాటినీ మగవాటినీ ఎప్పుడు కలపాలో, ఎప్పుడు విడదీయాలో మా అమ్మాయికి పదేళ్ళకే తెలిసింది. నాకు నలభై నాలుగో ఏట తెలిసింది. నేను తెలుసుకునేలోపు ఒక ఎలుకకి ప్రాణం మీదికి వచ్చింది.

అవి మా ఇంటికి వచ్చింది నా పిసినారితనం వల్ల. డబ్బు విషయంలో కాదు, సమయం విషయంలో. మా అమ్మాయి కుక్కపిల్లని అడిగింది. కుక్కని రోజూ రెండుసార్లు నడిపించాలి, ఆ నడిపించేది నేనే అవుతానని గ్రహించి, ఇంకేదైనా చిన్న జంతువు చూద్దామన్నాను. జంతువు చిన్నదైతే బాధ్యత కూడా ఆ మేరకు చిన్నదవుతుందని నా లెక్క. అప్పుడే వైట్‌ఫీల్డ్‌లో ఒకావిడ ఊరు మారిపోతూ తన పెంపుడు ఎలుకల్ని మంచి ఇంట్లో అప్పగించాలని చూస్తోందని తెలిసింది. మాది మంచి ఇల్లని ఆవిడని నమ్మించి మూడు ఆడ ఎలుకల్నీ రెండు మగ ఎలుకల్నీ రెండు పంజరాల్లో తెచ్చుకున్నాం. బట్టలారేసుకునే బాల్కనీ పక్కన చిన్న గది ఉంటే అందులో పెట్టాం. అప్పటిదాకా అందులో నేను వాడని వ్యాయామ సైకిలు ఉండేది.

మా అమ్మాయి ఐదింటికీ పేర్లు పెట్టింది. వాటిలో ఒకటి ఆఫీసులో నా పైఅధికారి పేరు కావడంతో నేనిక్కడ ఏ పేరూ రాయడం లేదు. ఈ కథకి కావలసినవి రెండే. ఒకటి తేనెరంగు ఆడ ఎలుక. చెయ్యి చాపితే చాలు, మణికట్టు మీదుగా ఎక్కి చొక్కా చేతిలోకి దూరి భుజం దగ్గర తల బయట పెట్టేది. రెండోది నల్లటి మగ ఎలుక, బొద్దుగా, తెల్లటి పొట్టతో, మధ్యాహ్నభోజనం అయ్యాక నేనుండేటట్టు ఉండేది.

ఇచ్చినావిడ ఒక కాగితం కూడా ఇచ్చింది. గుండ్రటి దస్తూరీ, ఒక్కొక్క నియమానికి ఒక్కొక్క వాక్యం. ఆడవీ మగవీ వేరువేరు పంజరాల్లో ఉండాలి. పిల్లలు కావాలనుకుంటే ఆరోగ్యంగా ఉన్న ఒక జతనే కలపాలి. కలిపిన పద్దెనిమిదో రోజుకల్లా మగదాన్ని తీసెయ్యాలి. పిల్లలకి ఐదు వారాలు నిండకముందే మగపిల్లల్ని తల్లినుంచీ అక్కచెల్లెళ్ళనుంచీ వేరు చెయ్యాలి. వీటిలో పద్దెనిమిదో రోజు వాక్యం కింద మాత్రం ఎర్ర సిరాతో రెండు గీతలు గీసింది. ఆ కాగితానికి ఆఫీసులో లామినేషన్ చేయించి, పంజరానికి కట్టింది నేనే. నా కింద ఇరవైమంది పనిచేస్తారు. పద్ధతి అంటే నాకు ప్రాణం. ఇతరులు పాటించేటప్పుడు మరీను.

కొన్నాళ్ళకి మా అమ్మాయి పిల్లల్ని చూడాలని అడిగింది. మా ఆవిడ రెండు షరతులు పెట్టింది. ఒక్క కాన్పే జరగాలి, పుట్టబోయేవాటికి ముందే ఇళ్ళు చూసిపెట్టుకోవాలి. అమ్మాయి వారంలో తన తరగతిలో అందరి తల్లిదండ్రుల దగ్గరికీ వెళ్ళి, తొమ్మిది ఇళ్ళు ఖాయం చేసి వచ్చింది. నవంబరులో ఒక శనివారం తేనెరంగుదాన్నీ నల్లవాణ్ణీ మూడో పంజరంలో కలిపాం. అమ్మాయి క్యాలెండరు మీద రోజులు కొట్టేస్తూ వచ్చింది.

పద్దెనిమిదో రోజున నా ఫోను మోగి గుర్తు చేసింది. నేను దాన్ని ఆపేశాను.

ఇక్కడ నా గురించి ఒక విషయం చెప్పాలి. నా దగ్గర ఒక కథ ఉంది. దాన్ని పదేళ్ళుగా చెబుతున్నాను. ఆఫీసులో ఎవరికైనా బిడ్డ పుట్టబోతోందంటే కాఫీ కప్పుతో వాళ్ళ బల్ల దగ్గరికి వెళ్ళి మరీ చెబుతాను. తొలికాన్పు పుట్టింట్లోనే జరగాలన్న ఆచారాన్ని మేమిద్దరం పక్కన పెట్టేశామన్నది ఆ కథ. ఏడో నెలలో భార్యని వాళ్ళమ్మ దగ్గర దింపేసి, బిడ్డకి మూడో నెల వచ్చాక పళ్ళబుట్ట పట్టుకుని వెళ్ళి, ఏమీ ఎరగనివాడిలా తెచ్చుకోవడం ఏం పెద్దరికం? నేను మాత్రం పక్కనే ఉన్నాను. తండ్రి అనేవాడు మొదటి రోజునుంచీ ఉండాలి. కథ ఇక్కడ ఆగుతుంది. వినేవాళ్ళు తలూపుతారు, నేను కాఫీ తాగుతాను.

అలాంటి నేను, ఒక తండ్రిని కాన్పుకి మూడు రోజుల ముందు ఇంట్లోంచి వెళ్ళగొట్టడమా? నల్లవాడు గూట్లో తేనెరంగుదాన్ని ఆనుకుని పడుకుని ఉన్నాడు. వాణ్ణి చూస్తే నాకు నేనే కనిపించాను.

"కాగితంలో తియ్యమని ఉంది నాన్నా," అంది అమ్మాయి.

అది రాసినావిడ అతిజాగ్రత్త మనిషనీ, మగ ఎలుకలు పిల్లల్ని ఏమీ చెయ్యవని నేను చదివాననీ, అసలు తండ్రి పక్కనుంటే తల్లికి ధైర్యమనీ చెప్పాను. మగ ఎలుక పిల్లల్ని ఏమీ చెయ్యదన్నది నిజమే. నేను చదివింది అక్కడిదాకానే. అమ్మాయి ఆ ఎర్ర గీతలకేసి ఒకసారి చూసి, నాకేసి చూసి, సరేనంది. నేను తండ్రిని కదా, తెలుసుననుకుంది.

శనివారం పొద్దున్న పది గంటలకి తొమ్మిది పిల్లలు పుట్టాయి. గులాబీరంగులో, చిక్కుడుగింజలంత ఉన్నాయి. మధ్యాహ్నం నేను పంజరం ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. తల్లి పిల్లల్ని కప్పుకుని పాలివ్వడం, నీళ్ళకోసం బయటికి రావడం, వచ్చినప్పుడల్లా నల్లవాడు వెనకాలే తిరగడం, ఇదంతా చూస్తున్నాను. అలిసిపోయినదాన్ని ఓదారుస్తున్నాడనుకున్నాను. అది ఉన్నట్టుండి నిలబడి, నడుము వంచి, చెవులు గజగజ ఆడించింది. కృతజ్ఞత చూపిస్తోందనుకున్నాను. ఆ సమయంలో వాళ్ళని ఇబ్బంది పెట్టకూడదని నేనే మర్యాదగా లేచి బయటికి వచ్చేశాను.

సాయంత్రం పిల్లల గూటి దగ్గర నల్లవాడు కూర్చుని ఉన్న ఫోటో తీసి, తండ్రితనం గురించి నాలుగు వాక్యాలు రాసి అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో పెట్టాను. చాలామంది చప్పట్లు కొట్టారు. మా ఆవిడ ఆ ఫోటో చూసి ఫోను తిరిగి ఇచ్చేస్తూ, "పాపం, వాడికి బయటికి పోయే దారి లేదు కదా," అంది. అది పొగడ్తో కాదో నేను తేల్చుకోలేదు. ఇలాంటివి తేల్చుకోకుండా వదిలెయ్యడం వల్లే మా కాపురం ప్రశాంతంగా సాగుతోందని అప్పట్లో నా నమ్మకం.

పది రోజులకి పిల్లల ఒంటిమీద నూగు వచ్చింది. ఆడపిల్లలకి పొట్ట మీద చిన్న చిన్న చుక్కల్లా చనుమొనలు కనబడే రోజులవి, మరో రెండు రోజుల్లో జుట్టు పెరిగి దాచేస్తుంది. అమ్మాయి ఒక్కొక్కదాన్నీ అరచేతిలో వెల్లకిలా పెట్టి చూసి ఐదు ఆడవి, నాలుగు మగవి అని తేల్చి, మగవాటి తోకమీద స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టింది. నేను అంతకుముందే కంటితో చూసి ఏడు మగవని ప్రకటించి ఉన్నాను. అమ్మాయి నా ప్రకటనని ఖండించలేదు, వాడలేదు.

మూడో వారానికి పిల్లలు కళ్ళు తెరిచి, పంజరమంతా పాకి, మా ఆవిడ పెట్టిన ఉడికించిన గుడ్డు కొరకడం మొదలుపెట్టాయి. తల్లి మాత్రం చిక్కిపోయింది. వెన్నెముక చేతికి తగులుతోంది, జుట్టు గడ్డిపోచల్లా లేచి నిలబడింది. పొట్ట ఒక్కటే పెరుగుతోంది. కళ్ళచుట్టూ ఎర్రటి మరక చూసి రక్తమని హడలిపోయి, అప్పటికప్పుడు అమ్మాయిని తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళాను. చిన్న జంతువుల్ని చూసే ఆ డాక్టరమ్మ దాన్ని అరచేతిలోకి తీసుకుని వేళ్ళతో పొట్ట తడిమింది. ఎరుపు రక్తం కాదట, బాగా అలిసిపోయిన ఎలుకలకి కళ్ళలో అలా ఊరుతుందట. అలిసిపోవడానికి కారణం కూడా చెప్పింది. అది మళ్ళీ కడుపుతో ఉంది.

ఎలుక ప్రసవించిన కొన్ని గంటల్లోనే మళ్ళీ ఎదకి వస్తుందనీ, మగది పక్కన ఉంటే అదే రోజు మళ్ళీ కడుపు నిలుస్తుందనీ, తొమ్మిదింటికి పాలిస్తూ లోపల ఇంకొన్నిటిని మోయడం దాని శక్తికి మించినదనీ ఆవిడ మామూలు గొంతుతో చెప్పుకుపోయింది. ఆ శనివారం మధ్యాహ్నం, చెవులు, నా మర్యాద, అన్నీ కళ్ళముందు కనబడ్డాయి.

"మగదాన్ని ఎప్పుడు తీశారు?" అని అడిగింది.

"కాగితంలో ఉన్నట్టే తీసేశామండీ," అన్నాను.

ఎందుకన్నానో తెలియదు. ఇరవైమంది ముందు తప్పు ఒప్పుకోకూడదని నేర్చుకున్నవాణ్ణి, ఒక డాక్టరు ముందు కూడా ఒప్పుకోలేకపోయాను. డాక్టరమ్మ నుదురు చిట్లించింది. అలా అయితే ఇలా జరగదే అంది. అమ్మాయి నా పక్కనే నిలబడి ఉంది. తలెత్తి నా ముఖంకేసి చూసింది. కాదని అనలేదు. ఎలుకని పెట్టెలోకి తీసుకుని మూత వేసి, పెట్టెని గుండెకి ఆనించుకుని నాకంటే ముందు బయటికి వెళ్ళిపోయింది.

పిల్లలకి పళ్ళు వచ్చాయి కాబట్టి పాలు మాన్పించెయ్యమనీ, తల్లిని ఒంటరిగా, చప్పుళ్ళు లేనిచోట, మెత్తటి తిండిపెట్టి ఉంచమనీ, పాలిచ్చేదానికి కాన్పు ఒక వారం ఆలస్యం కావచ్చుననీ, ఎంత చేసినా ఈ కాన్పు దాటుతుందని తాను మాట ఇవ్వలేననీ డాక్టరమ్మ చెప్పింది. ఇంటికి రాగానే నల్లవాణ్ణి తీసి రెండో మగ ఎలుక దగ్గర వదిలాను. ఎర్ర గీతలు చెప్పిన రోజుకి ఇరవైనాలుగు రోజులు ఆలస్యంగా. అమ్మాయి నాతో మాట్లాడటం మానలేదు. అడిగినదానికి జవాబు చెబుతోంది. నీళ్ళు కావాలా అంటే వద్దంటోంది. ఇంకేమీ లేదు, అంతే.

మర్నాడు ఆదివారం మా అత్తగారు జిగణినుంచి వచ్చారు. మా ఆవిడ పుట్టిల్లు అక్కడే. చుట్టూ ఫ్యాక్టరీలూ, పనివాళ్ళకి అద్దెకిచ్చే గదుల వరసలూ పెరిగిపోయినా, వాటి మధ్య పెంకుల ఇల్లు ఒకటి అలాగే మిగిలింది, అందులో ఆవిడ మిగిలారు. అనపకాయల కాలం కావడంతో సంచినిండా తెచ్చి, హాల్లో కాగితం పరిచి కింద కూర్చుని ఒలవడం మొదలుపెట్టారు. ఎలుకలంటే ఆవిడకి ఇష్టం లేదు. మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఆ గది తలుపు వేసి ఉందో లేదో చూసుకుని కూర్చుంటారు. పంజరాన్ని బోను అంటారు. ఆ రోజు ఆ బోను హాల్లోనే ఉంది. చిన్నగదిలో పిల్లల గోల ఉంటుందని తల్లిని విడిగా తెచ్చి సోఫా పక్కన పెట్టాం.

ఆవిడ కాయలు ఒలుస్తూ దానికేసి చాలాసేపు చూశారు.

"ఇదేమే, ఇంత సన్నబడి ఉండాది? కడుపుతో ఉండాదా?"

మా ఆవిడ జరిగింది చెప్పింది. మూడు వారాల కిందటే ఈనిందనీ, మళ్ళీ నిలిచిందనీ. అత్తగారి చేతులు ఆగాయి.

"అది కనేటప్పుడు మొగుడు యాడుండాడు?"

అమ్మాయి నాకేసి చూసింది. డాక్టరు దగ్గర చూసిన చూపే. ఈసారి దానికి ఎదురుచూపు కూడా తోడైంది.

"పక్కనే ఉన్నాడు అత్తయ్యా," అన్నాను. "తియ్యమని కాగితంలో ఉంది. నేనే తియ్యలేదు. డాక్టరుతో తీశామని అబద్ధం చెప్పాను."

"ఎందుకప్పా తియ్యలేదు?"

దీనికి జవాబు చెప్పడం అబద్ధం ఒప్పుకోవడంకంటే కష్టమైంది. తండ్రి పక్కన ఉంటే బాగుంటుందనుకున్నాను అన్నాను. బయటికి వచ్చాక ఆ మాట ఎలా వినిపించిందో మా ఆవిడ నవ్వును బట్టి తెలిసింది. చిన్న నవ్వే, ముక్కుతో నవ్వింది. తర్వాత లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. అక్కడ పనేమీ లేదు.

అత్తగారు చీర మీది తొక్కలు దులుపుకుని పంజరం దగ్గరికి జరిగారు. ఎలుకలంటే గిట్టని మనిషి కమ్మీల సందులోంచి ఒక పచ్చి అనపగింజ అందించబోతే, పచ్చివి పెట్టకూడదు అవ్వా, ఉడికినవే పెట్టాలి అని అమ్మాయి ఆపింది. ఆవిడ గింజని వెనక్కి తీసుకుని, బిడ్డకి పథ్యం తెలుసునే అని మెచ్చుకున్నారు. తర్వాత పంజరంలోని ఎలుకనే చూస్తూ, నావైపు తిరక్కుండానే అన్నారు.

"ఈ బిడ్డనన్నా నా దగ్గరికి పంపీప్పా."

ఆ 'అన్నా' దగ్గర నా పదేళ్ళ కథ ఆగిపోయింది.

కాఫీ కప్పుతో నేను చెప్పే కథలో లేని భాగం ఇది. మా ఆవిడకి ఏడో నెల వచ్చేసరికి అత్తగారు జిగణి ఇంట్లో ఒక గదికి సున్నం కొట్టించారు, దూలానికి ఉయ్యాల తాడు వేయించారు, కరక్కాయలూ వామూ వెల్లుల్లీ తెచ్చి పెట్టుకున్నారు. పిలవడానికి వస్తే, ఇక్కడ అన్నీ ఉన్నాయి అత్తయ్యా, ఆసుపత్రి పది నిమిషాల దూరం, నేనుంటానుగా అన్నాను. ఉన్నాను. నొప్పులు వచ్చిన రోజు ఆసుపత్రి వరండాలో చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మీటింగులో ఉన్నాను. బిడ్డ పుట్టిందని నర్సు వచ్చి చెబితే, ఒక్క నిమిషం అన్నట్టు వేలు చూపించాను. ఆ వేలు మా ఆవిడ చూడలేదు, నర్సు చెప్పింది. ఇంటికి తెచ్చాక వారంపాటు హీరోలా డైపర్లు మార్చి, ఫోటోలు తీయించుకుని, పొద్దున్నే మీటింగులు ఉన్నాయని నా పక్క వేరే గదిలోకి మార్చుకున్నాను. సాయానికి వచ్చిన అత్తగారు మా సోఫా మీద సర్దుకోలేక, వంటింట్లో నా పద్ధతులు అర్థం కాక ఐదో రోజున వెళ్ళిపోయారు. వంటింటి గూళ్ళకి నేను లేబుళ్ళు అంటించి ఉన్నాను మరి. ఒళ్ళు పచ్చిగా ఉన్న బాలింత జీతానికి వచ్చే ఆయాతో, పాలు సరిగా పట్టని బిడ్డతో, పక్కగదిలో ఒక తండ్రితో మిగిలింది.

నల్లవాడికీ నాకూ పోలిక ఉందని నేను అనుకున్నది తప్పు కాదు. పోలిక ఎక్కడుందో చూసుకోలేదంతే.

ఆ సాయంత్రమే బయల్దేరాం. కారు నేను నడిపాను. వెనకసీట్లో అత్తగారి ఒళ్ళో పెట్టె, పెట్టెమీద ఆవిడ కొంగు, పక్కన అమ్మాయి. గతుకుల దగ్గర వేగం తగ్గించమని అత్తగారు రెండుసార్లు చెప్పారు. మూడోసారి చెప్పాల్సిన అవసరం లేకుండా ఆటోలు కూడా దాటిపోయేంత నెమ్మదిగా నడిపాను. పాత సున్నం గదిలో, కిటికీకి పాత చీర కట్టి, పక్కింటి పిల్లి రాకుండా తలుపుకింద గోనె కుక్కి, పంజరం పెట్టాం. దూలానికి ఉయ్యాల తాడు ఇంకా ఉంది. దానికి ఇప్పుడు ఉల్లిపాయల బుట్ట వేలాడుతోంది.

తిరుగుదారిలో అమ్మాయి నిద్రపోయింది. మా ఆవిడ ముందుసీట్లో కూర్చుంది. అప్పుడు పుట్టింటికి వెళ్ళకూడదని ఇద్దరం కలిసి అనుకోవడం పొరపాటైందేమో అని నేను మొదలుపెట్టాను.

"ఇద్దరమా?" అంది. "నేను వెళ్తానని మూడుసార్లు అడిగినా. గుర్తులేదా?"

గుర్తులేదు. గుర్తుచేసుకోవాలని చూశాను. సిల్క్ బోర్డు దగ్గర ఆగిన ట్రాఫిక్‌లో దానికి కావలసినంత సమయం దొరికింది. అయినా ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు. ఆవిడ అడిగినట్టు కాక, నేను వద్దన్నట్టు కాక, మేమిద్దరం అనుకున్నట్టే నా తలలో అచ్చుపడిపోయింది. గుర్తులేదని చెప్పాను. క్షమించమని కూడా అన్నాను. ఆవిడ కిటికీ దించుకుని, సరే ముందు సిగ్నల్ చూడు, పచ్చ పడింది అంది.

తర్వాతి రెండు వారాలు నా వంతుకి తొమ్మిది పిల్లలు మిగిలాయి. ఐదు వారాలు నిండకముందే మగవాటిని వేరుచేసే పని నాది. నాలుగు వారాల రెండో రోజునే చేశాను. తోకల మీద గుర్తు చూసి, వెల్లకిలా తిప్పి చూసి, మళ్ళీ టార్చి వేసి చూసి, నాలుగు మగపిల్లల్ని తండ్రి దగ్గరికి మార్చాను. అమ్మాయి బడినుంచి వచ్చాక, చేశానని చెప్పాను. బ్యాగు దించకుండానే గదిలోకి వెళ్ళి తొమ్మిదింటినీ మళ్ళీ తిప్పి చూసుకుంది. ఒకప్పుడైతే నాకు చిన్నతనంగా ఉండేది. ఆ రోజు తలుపు దగ్గర నిలబడి పరీక్ష రాసినవాడిలా ఎదురుచూశాను. సరిగ్గా ఉందని తలూపింది. రాత్రి భోజనంలో, డాక్టరమ్మకి నిజం చెప్పావా అని అడిగింది. మధ్యాహ్నమే ఫోను చేసి చెప్పానన్నాను. ఏమంది? తెలుసు, చాలామంది అలాగే చెబుతారు అందని చెప్పాను. అమ్మాయికి నవ్వు వచ్చింది. నా పళ్ళెంలోంచి అప్పడం విరుచుకుని తింది.

జిగణినుంచి రోజూ కబురు వచ్చేది, కానీ నాకు కాదు. అత్తగారు మా ఆవిడకి ఫోను చేసేవారు, నేను పక్కన నిలబడి వినేవాణ్ణి. రాగిజావ తాగింది. గుడ్డు తింది. ఇవాళ తినలేదు. కళ్ళ ఎరుపు స్వల్ప తగ్గింది. ఎనిమిదో రోజున ఆరు పిల్లల్ని కనింది. రెండు పుట్టగానే పోయాయి. తల్లి లేవడం లేదు. మేం వస్తామంటే ఎవరూ రావద్దన్నారు, కొత్త వాసనలు తగిలితే బెదురుతుందని. పురుడు వెళ్ళేదాకా ఆగమన్నారు. ఎలుకకి పురుడేమిటని అనబోయి నోరు మూసుకున్నాను. ఆ పది రోజులూ ఆఫీసులో ఇరవైమందీ నన్ను చూసి ఇంట్లో ఎవరికో బాగాలేదనుకున్నారు. అడిగితే, కాన్పు అయింది, కొంచెం కష్టమైంది అన్నాను. ఒకతను అభినందనలు చెప్పాడు. తీసుకున్నాను.

కాన్పు అయిన పదకొండో రోజున రమ్మన్నారు. అమ్మాయికి పరీక్ష, మా ఆవిడకి ఆఫీసు. నేను సెలవు పెట్టాను. సంచిలో రెండు ఆపిళ్ళూ, ఓట్స్ పొట్లమూ, ఉడకబెట్టిన గుడ్లూ పెట్టుకుని బస్సులు మారుతూ జిగణిలో దిగి, ఫ్యాక్టరీ గోడల పక్కన నడుస్తుంటే చేతిలో సంచి బరువుని బట్టి గుర్తొచ్చింది. నేను వెక్కిరించిన పళ్ళబుట్ట ఇదే.

గుమ్మంలో అత్తగారు చేతులు కడుక్కోమన్నారు. కాళ్ళు కూడా. చెప్పులు ఇంకొంచెం దూరంగా విప్పమన్నారు. గదిలో వెలుతురు తక్కువగా ఉంది. పంజరం మూలన పాత గుడ్డల గూడు, అందులో తేనెరంగు వీపు కదులుతోంది. నాలుగు పిల్లలు దాని పొట్టకింద దూరి ఉన్నాయి. జుట్టు మళ్ళీ నున్నగా పడుకుంది. కళ్ళు శుభ్రంగా ఉన్నాయి. అలవాటుగా చెయ్యి కమ్మీల దగ్గరికి చాపాను. మణికట్టు ఎక్కుతుందేమోనని. అది తలెత్తి నా వేళ్ళని వాసన చూసి, వెనక్కి వెళ్ళిపోయింది. అత్తగారు చిప్పలో రాగిజావ పెట్టగానే వచ్చింది. ముందుకాళ్ళు చిప్ప అంచుమీద పెట్టి, తలవంచి, తాగసాగింది.

అత్తగారు కింద కూర్చున్నారు. నేనూ కొంచెం దూరంలో కూర్చున్నాను. తలపైన ఉయ్యాల తాడు, దానికి ఉల్లిపాయలు. దారిపొడుగునా కూడబలుక్కున్న మాట అప్పుడు బయటికి వచ్చింది.

"అప్పుడు మీ అమ్మాయిని పంపించాల్సింది అత్తయ్యా. పంపించకుండా తప్పు చేశాను."

ఆవిడ నాకేసి చూడలేదు. చిప్పకేసే చూస్తున్నారు. గొంతు బాగా తగ్గించి అన్నారు.

"తింటా ఉండాదప్పా. మాట్లాడద్దు, బెదురుతాది."

మాట్లాడకుండా కూర్చున్నాను.